యాడికి

మొదటి షోరూం, క్లాక్ టవర్ దాటినంక.
మైలేజీ అడగలె, డిక్కీ తెరువలె.
"స్క్రీన్ చూపియ్యి" అన్న.
మధుకర్ అనే పిలగాడు నా ఫోన్ తీసుకొని
వైరు లేకుండనే కలిపి
సంబంధం కుదిర్చినోడి లెక్క నవ్విండు.

ఏఎన్ఎం కొలువు నాది.
చందంపేట అవతల పదకొండు తండాలు,
స్కూటీ మీద తొమ్మిదేండ్లు.
ఫోన్ మోగితే బండి ఆపి, హెల్మెట్ తీసి,
చున్నీకి చెయ్యి తుడ్చుకునేలోపల
కట్ అయితది.
అందుకే కారు.

కాంటాక్టులు తెరిచిండు.
నా ఫోన్ల పేర్లన్ని తెలుగుల ఉంటయి,
ఆ తెర మీద మాత్రం డబ్బాలు.
ఖాళీ డబ్బాలు, వరుసగ,
సీసాలు అయిపోయిన టీకాల ట్రే లెక్క.
నెలలు నిండిన బుజ్జి ఏ డబ్బా?
ఆశా సోనా ఏది?
అంబులెన్స్ ఖలీల్ ఏది?
"అప్‌డేట్ వస్తది మేడం."
నొప్పులు అప్‌డేట్ దాక ఆగుతయా
అని అడగలె. ఛాయ్ తాగి లేచిన.

రెండోది మిర్యాలగూడ రోడ్డుకు.
సబీహా తోడొచ్చింది, మా ఫార్మసిస్టు,
ఆమెకు సీటు రంగు ముఖ్యం.
నేను కావాలనే మిట్టమధ్యాహ్నం పోయిన,
నల్లగొండ ఎండ అద్దంలకెల్లి పడితే
తెర మీద ఏం మిగులుతదో చూద్దామని.
సగం నా మొకం మిగిలింది, సగం మ్యాపు.
సౌండుకు మాత్రం గుండ్రటి గుబ్బ ఉన్నది,
చూడకుంటనే చేతికి దొరికింది
కరెంటు పోయిన రాత్రి బిడ్డ తల దొరికినట్టు.
చార్జింగు పిన్ను నా ఫోన్‌ది గాదు.
"చందంపేట దాటితే సిగ్నల్ ఉండదు,
అప్పుడు మ్యాపు ఏమైతది?"
"తెల్లగైతది మేడం" అన్నది హారిక, సేల్స్ పిల్ల.
నిజం చెప్పినందుకు బండికి రెండు మార్కులు కలిపిన.

పానగల్ దాక తోలిన.
ఉదయసముద్రం కట్ట కాడ సబీహాను దింపి
దూరంకెల్లి ఫోన్ చెయ్యమన్న:
నా గొంతు ఎట్లొస్తుందో చెప్పు.
"బాయిలకెల్లి మాట్లాడినట్టున్నది.
అయినా నువ్వే, తెలుస్తుంది."

ఇగ ఆఖరిది.
స్టీరింగు మీది బటన్ నొక్కి
"యాడికి ఫోన్ కలుపు" అన్న.
మా గోర్ బోలిల యాడి అంటే అమ్మ.
కారుకు ఆ సంగతి ఎవరు చెప్పిండ్రు?
కొంచెం సేపు ఆలోచించి, మర్యాదగ
మ్యాపు తెరిచి నీలం గీత గీసింది:
యాడికి, అనంతపురం జిల్లా.
కర్నూలు మీదికెల్లి
మూడు వందల చిల్లర కిలోమీటర్లు.
ముందుకు పోయి కుడికి తిరుగుమన్నది.

"అమ్మ అని సేవ్ చేస్కోండి మేడం, పట్టుకుంటది."
బడిల పేరు రాసిన నాడు
సారు గూడ గిట్లనే అన్నడు
జమ్లీ అంటే పలకనీకె బాగుండదని.
అప్పటికెల్లి నేను జమున.
"చూద్దాం" అన్న హారికతోని.

బండి అదే కొన్న.
పై మోడల్ గాదు, ఆ పది అంగుళాల తెరకు
లక్షా పదివేలు ఎక్కువ.
పేరు మార్చలె.

యాడి ముందు సీట్ల కూసుంది.
బెల్టు పెట్టుకోకుంటే కారు మొత్తుకుంటనే ఉన్నది.
"గీ పెట్టె ఏం చేస్తదే?"
"నిన్ను పిలుస్తది" అని బటన్ నొక్కిన.
మోచెయ్యి తాకేటంత దగ్గర ఉన్న మనిషిని
మళ్ల గా అనంతపురంల చూపిచ్చింది.

ఆమె వంగి
నీలం గీతను గోటితోని ఒక్కో మలుపు తడిమింది.
మిరప కోతలకు ముప్పై మందిని
డీసీఎంల ఎక్కిచ్చుకొని పోయే మేస్త్రి ఆమె,
తొవ్వలంటే భయం లేదు.
"నా పేరు మీద ఊరున్నదా?
ఇన్నేండ్ల సంది చెప్పలేదేందే ఎవరు?"

"పోదాం పా" అన్నది.
డోరు దబ్బున ఏసి
నీళ్ల సీసా నింపుకరానీకె లోపలికి ఉరికింది.

నేను పెట్రోలు ముల్లు దిక్కు చూసిన.
సగానికి కొంచెం తక్కువ.