రెండు గురువులు, ఒక లఘువు

మా ఇంటి ఫోను గంట అది.
రెండు పొడుగు, ఒక పొట్టి.
ఆస్గెర్దుర్ వాళ్లది పొట్టి, పొట్టి, పొడుగు.
ఒకే తీగ మీద ఏడు ఇళ్లు.
ఎవరికి మోగినా అందరికీ మోగేది,
తమది కాకపోయినా అందరూ ఎత్తేవాళ్లు.

ఐస్‌లాండ్ వాయవ్యపు అంచు, స్ట్రాందిర్ తీరం.
నవంబరులో కొండ వెనక్కి పోయిన సూర్యుడు
ఫిబ్రవరి దాకా మా గుమ్మం తొక్కేవాడు కాదు.
దారి మంచు కింద. తపాలా పడవ, సముద్రం ఒప్పుకుంటే.
మిగిలింది ఆ తీగే.

పట్నంవాళ్లు దాన్ని దొంగచాటుగా వినడం అనేవాళ్లు.
మేం చలి కాచుకోవడం అనుకున్నాం.

ఎవరు వింటున్నారో ఒకరు చెప్పక్కర్లేదు.
టిక్కుటిక్కుమంటే ఆస్గెర్దుర్ వంటింటి గడియారం,
గురగురమంటే తోర్గిల్స్ ఛాతీ,
ఊపిరి బిగబట్టిన నిశ్శబ్దమైతే అది నేను,
తొమ్మిదేళ్లదాన్ని, బల్ల మీద మోకాళ్లూని.

కొండ భుజం మీద సూర్యుడు మళ్లీ కనబడ్డ రోజు
ఎవరో ఒకరు ఆగకుండా గంట తిప్పేవాళ్లు.
"మా మెట్టెక్కాడు. మీకో?"
"ఇంకా లేదు... ఉండు... ఆఁ, వచ్చాడు!"
ఆ పూట అట్లు, చిక్కటి కాఫీ.

ఒక్కటే చిక్కు.
రిసీవర్లు లేచినకొద్దీ గొంతు సన్నబడేది.
ఒకరు వింటే పక్కగదిలో మాట,
నలుగురు వింటే ఏటికి ఆవలి మాట,
ఏడిళ్లూ వింటే నీళ్లు పోసిన పాలు.

తమ్ముణ్ని పడవలో ఆసుపత్రికి తీసుకెళ్లిన వారం
డాక్టరు ఫోను చేశాడు.
"ఏమిటీ? ఏమిటీ?" అంటోంది అమ్మ.
ఆయన గొంతు మంచులో పడ్డ సూది.
అమ్మ అరచెయ్యి గోడకి ఆనించి
"అందరూ ఉన్నారని తెలుసు, ఒక్క నిమిషం పెట్టేయండి" అంది.
టక్. టక్. కాసేపాగి, టక్.
ఒక్కో చప్పుడుకీ డాక్టరు ఒక్కో అడుగు దగ్గరికొచ్చాడు.
మాట అందింది.
అమ్మ "సరే" అంది. మళ్లీ "సరే" అంది.
ఆయన పెట్టేశాక కూడా
గడియారం కొట్టుకుంటూనే ఉంది తీగలో.
చాలాసేపు ఇద్దరాడవాళ్లు
ఏమీ మాట్లాడుకోకుండా అలాగే నిలబడ్డారు,
మధ్యలో ఆరు మైళ్ల మంచు.

అదంతా బాగుండేదని అనను.
ఎండుచేప, గొర్రెకొవ్వు, తడి ఉన్ని వాసన.
సైబీరియా నుంచి కొట్టుకొచ్చిన దుంగలు ఒడ్డున పడుంటే
ఇవైనా ఎక్కడినుంచో ఎక్కడికో వచ్చాయని కుళ్లుకునేదాన్ని.
చివరికి అందరికన్నా ఆలస్యంగా కదిలింది నేనే.

తోర్గిల్స్ గొర్రెల్ని అమ్మేశాడు.
చర్చి పక్క ఇంటివాళ్లు హార్మోనియంతో సహా పడవెక్కారు,
కిటికీలకి చెక్కలు కొట్టడం మర్చిపోయి
సగం దారినుంచి ఒక పిల్లాణ్ని వెనక్కి పంపారు.
ఒక్కో ఇల్లు ఖాళీ అయినప్పుడల్లా
తీగ మీద గొంతు బాగుపడుతూ వచ్చింది.
ఆఖరి చలికాలం, ఎక్స్‌ఛేంజి అమ్మాయి
"ఎంత బాగా వినిపిస్తున్నారండీ, పక్కనే ఉన్నట్టు!" అంది.
నాకు జవాబు తోచలేదు.

ఇప్పుడు రేక్యావిక్, నాలుగో అంతస్తు.
ఆస్గెర్దుర్ గడియారం నా వంటింట్లో ఉంది.
వారానికి పది నిమిషాలు వెనకబడుతుంది,
బాగుచేయించలేదు.
"ఏమిటా చప్పుడు, అమ్మమ్మా?" అంటుంది
ఫోనులో మనవరాలు.
"ఏం లేదులే,
ఎవరో వింటున్నారు.
నువ్వు చెప్పు."