నీళ్ళ చప్పుడు లేని కాయ

నోంగ్ దోరికో కాయను చెవి దగ్గర పెట్టుకుని ఊపేవాడు.
లోపల గలగలమంటే మామూలు కొబ్బరి.
చీలుతుంది, ఎండుతుంది, మిల్లుకెళ్ళి నూనె అవుతుంది.
చప్పుడు లేకపోతే మకపునో.
దాన్ని మాత్రం వేరే గోనెలోకి దించేవాడు
నిద్రపోయిన పిల్లను దించినట్టు.

పగలగొడితే నీళ్ళుండవు, టెంక నిండా మీగడ.
ముంజకన్నా మెత్తన, చెంచా తగిలితే వణుకుతుంది.
తక్లోబాన్ ఐస్‌క్రీం వాళ్ళు
ఒక్క కాయకి గెల ధర ఇస్తారు.
మట్టిలో పాతితే మాత్రం
ఎన్ని వానలు కురిసినా మొలవదు.

మూడు కళ్ళలో మెత్తని కంటి వెనక
మొక్కజొన్న గింజకన్నా చిన్న పిండం
బతికే ఉంటుంది. దానికే లోపమూ లేదు.
తల్లి ఒళ్ళంతా తీపే.
ఆ తీపిని కరిగించి బిడ్డ గొంతులో పోయడమే
ఆ తల్లికి చేతకాదు.
విందు మధ్యలో కూర్చుని
ఆకలితో కుళ్ళిపోతుంది గింజ.

అందుకని నేను.

లెయ్తే దీవిలో, బైబై కొండ కింద, ఒక రేకుల ప్రయోగశాల.
మోచేతుల దాకా స్పిరిట్ పూసుకుని
మాటలు ఆపేసి కూర్చుంటాను.
పిండాన్ని బ్లీచింగ్ నీళ్ళలో ముంచి, మూడుసార్లు కడిగి,
మంటలో కాల్చి చల్లార్చిన కత్తిమొన మీద
గాజు గొట్టంలోకి జారుస్తాను.
అందులో నల్లటి జావ: చక్కెర, ఉప్పులు, బొగ్గుపొడి.
బొగ్గెందుకని అడుగుతారు చూడ్డానికొచ్చిన బడిపిల్లలు.
గాయపడ్డ లేతకండ తన చేదు తానే కక్కుకుని
అందులోనే మునిగి చస్తుంది కదా,
ఆ చేదును తాగడానికి.

ఎనిమిది వారాలు చీకటిగది.
సోమవారం తలుపు తీస్తే కొన్నిట్లో వేరు,
కొన్నిట్లో దూదిలాంటి బూజు.
బూజు పట్టినవాటిని ఉడికించి పారబోస్తాను.
ఏడవను. పుస్తకంలో అంకె వేస్తాను.

పోయిన సెప్టెంబరులో
దోరికో ఇరవై మూడు కాయలు తెచ్చాడు, ముఖం వెలిగిపోతూ.
మొదటిది కొట్టాను, నీళ్ళు నా ఒళ్ళో పడ్డాయి.
రెండోది. మూడోది. నేలంతా నీళ్ళు.
అన్నిట్లోకీ రెండే మకపునోలు.
ఏమైందని అడిగితే
అతను నా కళ్ళు కాదు, పెదాలు చూశాడు.

"ఏ కాయా చప్పుడు చెయ్యలేదమ్మా ఫ్లోర్దెలిజా,
ఈసారి తోట మొత్తం కాసిందనుకున్నాను."

ఏమంటాం.
మిగిలిన కాయల్లోంచి ఒకటి అతని అరచేతిలో పెట్టి
దాని మీద నా చెయ్యి వేసి ఊపాను.
చెయ్యి ఆగాక అర క్షణం ఆలస్యంగా తోసేది నీళ్ళు.
చేతితోపాటే ఆగిపోయేది మకపునో.
సాయంత్రం దాకా ఊపుతూ కూర్చున్నాడు,
మణికట్టుకి కొత్తగా బడి పెట్టుకున్న ముసలాయన.

వెళ్ళబోతూ, చూపించమన్నాడు.
చెప్పులు బయట విడిచి
గర్భగుడిలోకొచ్చినట్టు వంగి వచ్చాడు, తలుపు ఎత్తుగానే ఉన్నా.
గొట్టంలో తెల్లటి వేరు, కత్తివాదరంత ఆకు,
మొలిచిన కాయలో మనం తవ్వుకుతినే కొబ్బరి పువ్వు
ఇక్కడ గోరంత,
ఏ తల్లి నీళ్ళూ తాగకుండా ఊరింది.

అలవాటుకొద్దీ గొట్టాన్ని చెవికి ఆనించాడు.
ఊపకు! అని అరవబోయాను.
అరిచినా వినపడదు.
అతను ఊపలేదు.
ఊరికే పట్టుకు నిలబడ్డాడు, ఫ్రిజ్ మోత నాకొక్కదానికే.

ఏమన్నా తెలిసిందా, అన్నట్టు
కనుబొమ్మలు ఎత్తాను.
అతనూ ఎత్తాడు.
మా దీవిలో కనుబొమ్మలు ఎత్తితే అవునని.

అది నాలుగొందల పదిహేడో గొట్టం.
ఇంకా ఇసకసంచిలోకి మార్చలేదు.
మార్చినవాటిలోనూ సగం ఎండకు తాళవు.
ఆదివారం దోరికో వస్తాడు,
కాయలుంటే తెస్తాడు, లేకపోతే
దాన్ని చూసి పోతాడు.