తాలు

డెక్కులో ముప్పై ముక్కలే పడతాయి.
నా దగ్గర నాలుగొందల పన్నెండున్నాయి.

ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీలో రాత్రి డ్యూటీ నాది.
గంటకోసారి లేచి
నాలుగు గదుల చలి కొలిచి పుస్తకంలో రాయాలి.
ఆరు, ఆరున్నర, ఆరు, ఏడు.
కింద సంతకం: యల్లమంద.
మిగిలిన యాభై నిమిషాలూ
మిరపకాయ బస్తాల ఘాటులో కూర్చుని
నేను మాంత్రికుణ్ణి.

ఆట నేర్పింది కరీముల్లా,
బస్టాండు ఎదురు ఫోన్లు బాగుచేసే కుర్రాడు.
పగిలిన అద్దం మారుస్తూ నా డెక్కు చూసి నవ్వాడు.
"అన్నీ పెద్ద మంత్రాలే పెట్టావేంటి బాబాయ్?
పదో వంతులో ఉరుముతావు సరే,
నాలుగో వంతుకే పోతావుగా!"

నిజమే.
తోకచుక్కని రాల్చే ముసలాడు,
మంచుకొండని నిలబెట్టే రాణి,
అందరూ నా చేతిలో కూర్చుని
బంతి వేసేదాకా కదలని పెళ్లిపెద్దల్లా ఉండేవాళ్లు.
ఈలోపు అవతలివాడి తోడేలు పిల్లలు
నన్ను కాళ్ల దగ్గర్నించీ తినేసేవి.

మంత్రం వేయాలంటే నీలం పూసలు కావాలి.
వంతుకొకటి పెరుగుతుంది.
ఆట వాటిని మనా అంటుంది,
నాకెప్పుడూ మన అనే వినిపిస్తుంది.
మొదటి వంతులో మనది ఒకటి.
రెండో వంతులో మనవి రెండు.
అడక్కుండా పెరిగేది
నా ఎరికలో ఇదొక్కటే.
ఓనరుగారికెవరైనా ఈ ఆట నేర్పితే బావుణ్ణు.

మా ఆవిడ సామ్రాజ్యం
పన్నెండేళ్లుగా యార్డులో తాలు ఏరుతుంది.
కుప్ప ముందు కూర్చుంటే చూపెక్కడో ఉంటుంది,
నోట్లో ఎవరి పెళ్లి కబురో నడుస్తుంటుంది.
వేళ్లు మాత్రం
తెల్లమచ్చది, మెత్తబడ్డది, తొడిమ కుళ్లింది
టకటకా పక్కకి.
ఎట్లా తెలుస్తుందే అనడిగానోసారి.
"మంచికాయని ఎవరు వెతికారు?
ఉండకూడంది తీస్తా. అంతే."

ఆ రాత్రి ఏరడానికి కూర్చున్నాను.
రాణి పోయింది. ముసలాడు పోయాడు,
వాడి బంగారు అంచు చూసి చెయ్యాడలేదు గానీ.
ఒక్క పూసకి రెండు దెబ్బలు కొట్టే చిటికెనిప్పు ఉంది.
ముక్క లాగిచ్చే గుడ్లగూబ ఉంది.
అవతలివాడి మంత్రాన్ని గొంతులోనే ఆపే మూగనోము.
నేను మంత్రం వేసినప్పుడల్లా
ఒక రవ్వ విసిరే మంత్రగత్తె, పేరు సెగకన్ను.
ఇరవై తొమ్మిదయ్యాయి.
ముప్పయ్యోదాని దగ్గర
రెండింటి చలి కొలవడం మర్చిపోయి
మూడింటిదే రెండుసార్లు రాశాను.

చివరికి పాతదీపం పెట్టాను.
అది కొట్టదు, కాయదు.
వాడేసిన మంత్రాల్లోంచి ఒకటి మళ్లీ చేతికిస్తుంది,
ఏదిస్తుందో చెప్పదు.
కరీముల్లా చూస్తే తాలంటాడు.
తాలుకీ ధరుంది యార్డులో.
సంచీ వేరు, పాట వేరు,
ఉండటం మాత్రం ఉంది.

నాలుగింటికి అవతల ఎవరో,
పేరు నాకు రాని లిపిలో ఉంది.
నాకు ప్రాణం ఒకటి. వాడికి నాలుగు.
నా చేతిలో దీపం తప్ప ఏమీ లేదు.
వెలిగించాను.
సెగకన్ను ఒక రవ్వ విసిరింది. మూడు.
చేతికి చిటికెనిప్పు వచ్చింది.
రెండూ, దానిమీదో రవ్వా.
లెక్క సరిపోయేసరికి
కంప్రెసరు కూడా ఒక్క క్షణం ఆగినట్టుంది.

తర్వాత మూడాటలు వరసగా పోయాయి.
అదేంటో చెప్పను.

పొద్దున ఇంటికెళ్తే క్యారేజీ సర్దుకుంటోంది.
"ఎంతొచ్చింది?"
"ఒక నక్షత్రం."
"కూర చెయ్యొచ్చా?"
ఫోను లాక్కుని, నిలబడే, ఆ ముప్పైనీ వేలితో పైకి తోసింది.
ఆటేమిటో తెలియదు తనకి.
ఒకచోట వేలాగింది.
"ఈ ముసలాడేంటి,
నీ గోడౌన్లో చలికి ముడుచుక్కూచున్నట్టున్నాడు?"

గెలిచిన మదంలో
దీపం తీసేసి మళ్లీ వాణ్ణి పెట్టిన సంగతి
నేను చెప్పలేదు.
యార్డు ఆటో హారన్ కొట్టింది, వెళ్లిపోయింది.

ఆ రాత్రి డెక్కు విప్పి
బొటనవేలితో ముసలాణ్ణి పక్కకి లాగాను.
నిద్రొస్తుంటే కన్ను నులుముకున్నాను.

మండింది.
అద్దం మీద తన వేలు ఇంకా ఉంది.