పోపు మాడతంది

డాల్ఫిన్ నోస్ దీపం
ఎనక్కి తిరిగి తిరిగి సూసి
ఆఖరికి మమ్మల్ని ఒగ్గేసింది.
అక్కడికి మూడో రోజు.
నాను సూరాడ ఎర్రయ్యని, ఓడలో వంటోడిని.
సదూకున్నోళ్లు పద్నాలుగు మంది,
కలాసీలు తొమ్మిది మంది,
అన్ని పొట్టలకీ ఒకటే గరిటె.

పొద్దుగూకాక పెద్ద వల దింపినారు.
వెయ్యి మీటర్లు, అన్నాడు నెల్సన్.
మీటర్లు నాకేటి తెలుసు?
మా అయ్య లెక్క బారలు.
పది బారల్లో కానాగంతలు,
ముప్పై బారల్లో కోనాం,
ఆ కిందంతా అమ్మోరి పెరడు, అనేవోడు,
అందులో మనకి పన్నేదు.

వల అమ్మోరి పెరట్లోకే పోయింది.
ఇనప తాడు నాలుగ్గంటలు మూలుగుతా పైకొచ్చింది.
డెక్కు మీద కుమ్మరిత్తే
బురద, బొగ్గులాటి రాళ్లు,
లాంతరు కళ్ల సేపలు,
గాజు రొయ్యలు, పేగుల్తో సహా అవుపడతన్నాయి.
ఎలుతురన్నది ఎరగనివన్నీ
మా ట్యూబులైటు కింద సచ్చిపోయినాయి.

సువర్చల మేడం మోకాళ్ల మీద కూకుని
ఒక్కోదాన్నీ
పసిగుంట సెవికి పోగెట్టినంత నిదానంగా
సీసాలోకి దింపినారు.
తెల్లారగట్ల ఓ బాల్దీ నా ఏపు జరిగింది.
"ఇవి తెలిసినవేలే, ఒండేయ్" అన్నాడు నెల్సన్.

నల్లటి సేపలు, పదో పన్నెండో.
అందులో ఒకదానికి
గెడ్డం కింద ఒంటి పోగు,
ఈపు మీద ఎవులో గోటితో గీసినట్టు గీత.
సూసినాను.
సూడనేదని అబద్ధం సెప్పను.
పోయి అడుగుదారని తడి సేతులు తుడుసుకున్నాను కూడా.
పోపు మాడతంది.

మర్నాడు కంప్యూటర్లో ఫోటోలు సూత్తా
మేడం కేకేసినారు.
ఏ పుస్తకంలోనూ నేదంట ఆ గీత.
ఏదీ? ఏ సీసాలో ఉంది?
నెల్సన్ మొకం సున్నం కొట్టిన గోడ.
అందరూ కలిసి నా వంటగదిలోకొచ్చినారు,
సావు పరామర్శకొచ్చినట్టు.

వంటోడు ఆఖర్న తింటాడు గదా.
ఆ ముక్క నా కంచంలోకే వొచ్చింది.
సెత్త డబ్బా బోర్లించి
ఉల్లి తొక్కల్లోంచి ఎన్నుముల్లు ఏరినాను,
సగం తలకాయ, పోగు నేదు.
సింతపండు పోయేదాకా మేడం కడిగినారు,
నన్నొక్క మాట అన్నేదు.
అనుంటే బాగుణ్ణు.

సాయంత్రం నా పక్కనొచ్చి కూకుని,
నోటుబుక్కు తెరిసి,
"రుచి ఎలా ఉంది, ఎర్రయ్యా?" అన్నారు.
నవ్వుతన్నారేమోనని సూసినాను. నేదు.
భూమ్మీద ఆ రుచి తెలిసినోణ్ణి నానొక్కణ్ణే.
కళ్లు మూసుకున్నాను.
జున్నులాగ, అన్నాను. కాదు.
వాన ముందు గాలిలాగ. అదీ కాదు.
కుతకుత ఉడికిన పులుసులో
ఆ ముక్క మట్టుకి సల్లగా ఉన్నాది, మేడం.
అదే రాసుకున్నారు.

ఇంకో పదకొండు రోజులు దింపినాం వల.
దాని జాతి మళ్లీ రానేదు.

ఇప్పుడు బీచ్ రోడ్డు పక్కన, ఆళ్ల గదిలో
ఓ సీసాలో ముల్లు,
సీసాకో సీటీ:
తేదీ, లోతు, ఓ నెంబరు,
అడుగున సిన్న అచ్చరాల్లో
రుచి: సల్లన. సెప్పినోడు: ఎర్రయ్య.
పేరెట్టడానికి ముల్లు సాలదంట,
ఒళ్లున్నది ఇంకోటి దొరకాలంట.

వొచ్చే నెల మళ్లీ ఎల్తన్నాం.
ఈపాలి బాల్దీ నా ఏపు జరిగితే
ఒక్కోదాన్నీ దీపం కింద పెట్టి
మొకం సూత్తాను.
పోపు మాడితే మాడనీ.