గోదాట్లో రెండు స్వరాలు

మా నర్సాపురం గుడిలో ఆర్గన్ వెనక చెక్క
నాలుగు మేకులు పీకితే ఊడొస్తుంది.
లోపల ఒక కంపెనీ చరిత్రంతా
పెన్సిల్‌తో రాసుంది.

ప్లిమ్‌వెల్ అండ్ సన్స్, 1871.
కింద తండ్రి చేవ్రాలు, గీత తప్పలేదు.
దాని కింద పెద్దకొడుకుది, తొందరగా.
చిన్నకొడుకు పేరు పక్కన చేప బొమ్మేశాడు,
ఎందుకో ఎవరికీ తెలీదు.

కాకినాడలో ఓడ దిగి
ధవళేశ్వరం దాకా కాలవ మీద,
విజ్జేశ్వరం దగ్గర నది దాటి
లాకు లాకుకీ ఆగుతూ
పద్దెనిమిది పెట్టెల్లో వచ్చిందట.
ఫిరంగులనుకుని
లాకు కళాసీలు దూరం జరిగారట.

మొదటి వానలకే మెట్లు ఉబ్బి బిగుసుకున్నాయి.
తిత్తి చిరిగింది.
దొరగారు ఉత్తరం రాస్తే
ఏడు నెలలకి గొర్రెతోలొచ్చింది,
ఓడలోనే బూజు పట్టి.

అప్పుడు పిలిచారు
కొలిమి తిత్తులు కుట్టే కత్తుల సీమోనుని,
మా తాతకి తాతని.
అప్పటికింకా సీమోను కాదు, సింగడు.
చుట్టూ తిరిగి చూసి
"ఇదీ తిత్తే గదండీ" అన్నాడట.
తంగేడు చెక్కతో ఊనిన తోలు
పదకొండు రోజులు కుట్టాడు.
ఎండాకాలం మొదటి కీర్తనకి
తంగేడు వాసనొస్తుందనేది మా అమ్మ.
నాకెప్పుడూ రాలేదు.

రాయడం రాదు కాబట్టి
ఆ కొడుకుల పేర్ల కింద
ఆరెతో మూడు పోట్లు పొడిచాడు.
వేలు పెడితే ఇప్పటికీ తగులుతాయి.

తర్వాత రాసిన ఉత్తరం తిరిగొచ్చేసింది.
మనవలు యుద్ధంలో పోయారట,
షెడ్డు కుర్చీల వ్యాపారి కొన్నాడట.
కంపెనీ అక్కడ అయిపోయింది.
ఇక్కడ మావాళ్ళు
తోలు మారుస్తూనే ఉన్నారు.

ఒక తుఫానేడు
రెండు గొట్టాలు ఊడబీకి, కరిగించి,
వలకి సీసం గుళ్ళు పోసుకున్నారెవరో.
ఎవరో అంటాం గానీ ఊరందరికీ తెలుసు.
మూడో బల్ల మీద కూర్చునేవాడు.
కీర్తనలో ఆ స్వరాలు రావలసిన చోట
ఖాళీ గాలి బుస్సుమనేది,
ఆయన దగ్గేవాడు.
ఎవరూ తిరిగి చూసేవాళ్ళు కాదు.
మేం పిల్లలం ఆ ఖాళీతోనే
పాట నేర్చుకున్నాం.

పోయినేడు కీబోర్డు కొన్నారు.
అందులో అన్నీ ఉన్నాయి, తబలాతో సహా.
వాయించే కుర్రాడు భీమవరం వాడు.
రెండో చరణంలో
అక్కడికొచ్చేసరికి జనమంతా ఆగిపోయారు,
వాడొక్కడే రెండు స్వరాలు ముందుకెళ్ళి
చేతులు ఎత్తేశాడు.

"ఎందుకాగారండీ?"

మూడో బల్ల మీద ఎవరో దగ్గారు.