రెండో మెట్టు

ఆదోని మార్కెట్ యార్డులో
వేలం హాలు వెనక, మెట్ల కింద నా సర్వర్.
దానికి నేను తప్ప దిక్కు లేదు.
నాకే మెట్టూ లేదని
జిల్లా ఆఫీసు నుంచి కాగితం వచ్చింది.

ఒకటో మెట్టు: పాస్‌వర్డు మార్చగలవాడు.
రెండు: పడిపోయినదాన్ని లేపగలవాడు.
మూడు: పడకముందే పట్టుకోగలవాడు.
నాలుగు: ఇంకొకరికి నేర్పగలవాడు.
నాలుగు చోట్లా 'వాడు' కొట్టేసి
పెన్సిల్‌తో 'ది' అని దిద్దుకున్నాను.

కర్నూలుకు తెల్లారుజాము బస్సు.
"సర్వర్ పలకడం లేదు. మొదట ఏం చేస్తారు?"
నాలుగు జవాబులు, నాలుగూ కీబోర్డు మీదివే.
మా దగ్గరైతే మొదట మూత విప్పి
ఫ్యాను రెక్కల్లోంచి దూది పీకాలి,
పత్తి దిగే కాలంలో రోజుకు రెండుసార్లు.
అది రాయడానికి చోటు లేదు.
'బి' నొక్కాను.

పోయిన కార్తీకంలో
వేలం నడుస్తుండగానే డిస్కు చచ్చిపోయింది.
ముందురోజు కాపీ ఉంది,
ఆ పొద్దు పలికిన ధరలు లేవు.
ఏజెంట్ల చిట్టీలన్నీ అడిగి తెచ్చుకుని
నాలుగు వందల పన్నెండు లాట్లు
ఒక్కొక్కటే ఎక్కించాను.
కౌతాళం రైతుకు క్వింటాలుకు వంద తక్కువ కొట్టాను.
రాత్రి పదకొండుకు కనబడింది,
పొద్దున ఫోన్ చేసి నా తప్పని చెప్పాను.
వాళ్లు ఆ సంగతి అడగలేదు.
అడిగితే ఏ మెట్టు ఇచ్చేవారో,
దించేవారో.

ఫలితం అక్కడే తెర మీద పడింది: రెండు.

యార్డులో ఉరుకుందప్ప పత్తి చూస్తున్నాడు.
గుప్పెడు పీకి, రెండు బొటనవేళ్ల మధ్య సాగదీసి
పింజ ఎంత పొడవో చెబుతాడు.
మిషను వచ్చి మూడేళ్లయింది,
అయినా కొనేవాళ్లు ముందు ఆయన మొహమే చూస్తారు.
"రెండా? ఎన్నింటికి మ్మా?"
"నాలుగింటికి."
సర్టిఫికెట్ కాగితాన్ని కూడా
పత్తిలాగే వేళ్ల మధ్య రుద్దాడు.
"బోరెం పైపైన సూసిండారు.
నడిమికి చెయ్యి పెట్టల్ల."

సంతోషమే అనిపించింది. కానీ
నా నడిమిలో ఏ పింజ ఉందో
నాకు మటుకు తెలుసా?

మెట్ల కింద ఫ్యాను గొంతు మారింది.
కాగితం మడిచి రిజిస్టరులో పెట్టి
స్క్రూడ్రైవరు కోసం చెయ్యి చాచాను.
ఎప్పుడూ ఉండేచోట లేదు.