చిటికెన వేలు

నూట పన్నెండు రోజులు.
కాశీబుగ్గ జీడి బట్టీలో, బాయిలరు వెనక గోడమీద
బొగ్గుముక్కతో గీసుకున్న గీతలు.
అవేంటో దండాసి ఒక్కడికే తెలుసు,
మిగిలినవాళ్ళు బస్తాల లెక్కనుకునేవారు.

నూట పదమూడో రాత్రి
పలాస స్టేషన్లో బావమరిది కోసం కూర్చున్నాను.
రైలు రెండు గంటలు లేటు.
పక్క బెంచీమీద ఎవడో కుర్రాడు ఫోనులో ముక్కలు పంచుతున్నాడు.
ఆ చప్పుడు,
చేటలో పప్పు ఎగరేసినట్టు, సన్నగా.

ఆట మూసేశారన్నారు కదా.
పేరు మార్చుకుని వాడే వచ్చాడు, కొత్త చొక్కాతో.
నేను వెతకలేదు, మెసేజీలోనే ఉన్నాడు.
తలుపు తీయగానే పేరుపెట్టి పిలిచాడు:
'తిరిగి స్వాగతం నీలాద్రి గారూ, మీ ఖాతాలో యాభై రూపాయలు!'
గారు అని నన్నెవరంటారు?
మేస్త్రీ అనడు. బ్యాంకులో అనరు.

మొదట గెలిచాను. అదీ చెప్పాలి, దాచకూడదు.
పద్దెనిమిది వందలు.
రైలొచ్చింది, బావమరిది దిగాడు, సంచి అందుకున్నాను,
రెండో చేత్తో ఆడుతూనే ఉన్నాను.
మూడింటికి, పెరట్లో, బాత్రూం తలుపు వెనక,
పుణ్యవతి సంఘం వాయిదా
పదకొండు వేల నాలుగు వందలు
అరచేతిలోంచే పోయాయి.
నూరు రోజులు నిండాయి కదాని నమ్మి
నా ఖాతాలోనే వేసిందా డబ్బు.

పొద్దున్న తడిగోనెతో గోడ తుడవబోయాను.
దండాసి గోనె లాక్కున్నాడు.
'ఓ రాత్తిరి దారి తప్పితే
నడిసిన దారంతా ఎనక్కెలిపోద్దేట్రా?'
వాడికి తెలుసు. వాడి స్కూటీ,
వాడి తమ్ముడి పెళ్ళి ఉంగరం అలాగే వెళ్ళాయి.
వాడి మాట నమ్మలేదు నేను.
గోనె మాత్రం తిరిగి అడగలేదు.

అన్నం ముందు పుణ్యవతికి చెప్పాను.
ఆమె గరిటె దించలేదు,
చారు కారి నేలమీద పడుతోంది.
'బుధారం సంఘంలో నువ్వే సెప్పు. నానాడికి రాను.'

బుధవారం. పద్నాలుగు మంది ఆడవాళ్ళు, ఒక చాప, నేను.
'ఆడాను. పోయింది. మళ్ళీ ఆడాను.'
ఆ 'మళ్ళీ' దగ్గర నాలుక తిరగలేదు.
మొదటిసారి ఓలమ్మా అని బుగ్గలు నొక్కుకున్నవాళ్ళే.
ఇప్పుడు ఫ్యాను చప్పుడొకటే.
గున్నమ్మ పెద్దమ్మ కళ్ళద్దాలు సర్దుకుంది.
'వారానికెంత కడతావు?'
'ఏడొందలు.'
రాసుకుంది. తిట్టలేదు.
తిడితే బాగుండును.

ఆ రాత్రి ఫోను పుణ్యవతి చేతిలో పెట్టి
నీ వేలితో తాళం వెయ్యి అన్నాను.
బొటనవేలు పెట్టింది.
మళ్ళీ ప్రయత్నించండి, అంది ఫోను.
చూపుడువేలు.
మళ్ళీ ప్రయత్నించండి.
పన్నెండేళ్ళు పిక్కలు కొట్టి, జీడిరసంలో నానిన వేళ్ళు.
గీతలెప్పుడో పొట్టుతోపాటే రాలిపోయాయి.
నా బొటనవేలు చూసుకున్నాను,
ఒక్క గీతా చెరగలేదు.
దీన్నిబట్టే కదా వాడు నన్ను పోల్చుకుంది.

ఆఖరికి ఎడమచేతి చిటికెన వేలు.
దాన్ని గుర్తుపట్టింది యంత్రం.
పుణ్యవతి నవ్విందని రాయలేను.
'ఊఁ' అంది.
ఫోను బియ్యం డబ్బాలో పడేసింది.

ఇవాళ్టికి తొమ్మిది గీతలు, పాతవాటి పక్కనే,
మధ్యలో వేలెడు ఖాళీ వదిలి.
దాన్ని ఏ లెక్కలో వెయ్యాలో దండాసికీ తెలీదు.

రాత్రి ఆ సన్నటి చప్పుడు వినిపిస్తే
ఇప్పటికీ దిగ్గున లేచి కూర్చుంటాను.
వసారాలో లైటు వెలుగుతుంటే, నిజంగా చేటే అయితే,
వెళ్ళి ఆమె పక్కన కూర్చుంటాను.
గుండు ఒకవైపు, బద్ద ఒకవైపు.
బద్దకి ధర తక్కువ, పారెయ్యరు మాత్రం.
మాటల్లేకుండా ఏరుతూ ఉంటాం,
బట్టీ సైరను కూసేదాకా.